నెలకు 1,200 కిలోమీటర్లకు ఈవీ లెక్క: ఎక్కడ తప్పుతున్నాను?

సగం ఊళ్లో, సగం హైవే మీద నడిచే బండికి పెట్రోలు కన్నా ఈవీ (కరెంటు కారు) చవకా అన్న లెక్క ఇది. పెట్రోలు కారుకు 100 కిలోమీటర్లకు 6.5 లీటర్లు వేశాను. అదే సైజు ఈవీకి డ్యాష్‌బోర్డులో 15 యూనిట్లు కనిపించినా ఇంటి మీటరు మీద పడేది దాదాపు 17. బండిలోనే ఉండే ఆన్‌బోర్డ్ చార్జర్ ఇంటి ఏసీ కరెంటును బ్యాటరీకి కావలసిన డీసీగా మార్చేటప్పుడు, బ్యాటరీలోకి ఎక్కించేటప్పుడు పదో వంతు పైనే వేడిగా పోతుంది. చాలామంది ఈ తరుగును వదిలేసే లెక్క కడతారు.

అంటే లీటరు పెట్రోలుకు సమానం సుమారు 2.6 యూనిట్లు. యూనిట్ ధరను 2.6తో గుణిస్తే లీటరు ధర కన్నా తక్కువ వస్తే ఈవీ లాభం.

హైవే దగ్గరే అనుమానం. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది కదా, మరి 80లో నడిపే బండిని 110లో నడిపితే 15 కాస్తా 20 దాటుతుందా? మీ బండిలో ట్రిప్ మీటర్ రీడింగు ఎంత చూపిస్తోంది? ఫాస్ట్ చార్జర్ నేరుగా డీసీ ఇస్తుంది కాబట్టి అక్కడ ఆన్‌బోర్డ్ చార్జర్ తరుగు తీసేయొచ్చా? బ్యాటరీని చల్లబరచడానికి అయ్యే కరెంటు కూడా బిల్లులోకే వస్తుందా?

ఇంట్లో 16 ఆంపుల సాకెట్ నుంచి 3.3 కిలోవాట్లు, రాత్రి 10 గంటలకు 33 యూనిట్లు, అంటే 190 కిలోమీటర్లకు పైనే. రోజువారీకి చాలు. కాకపోతే అన్ని గంటల లోడుకు టెర్మినల్ స్క్రూ వదులైతే సాకెట్ కరగొచ్చు. విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపేది), ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేది) వేస్తే సరిపోతుందా, లేక గోడకు బిగించే 7.2 కిలోవాట్ల చార్జర్, అంటే వాల్‌బాక్సే మేలా?

ఈవీ లెక్కలో ఆయిల్, స్పార్క్ ప్లగ్గుల ఖర్చు తీసేశాను. బరువు వల్ల టైర్లు ముందే అరుగుతాయంటారు. ఎన్ని వేల కిలోమీటర్లకు మార్చారో చెప్పండి.