సామాన్యునా, సామాన్యులా?

అరసున్న: శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’ గేయంలో “సామ్రాజ్యపు దండయాత్రలో” తర్వాత “సామాన్యుని సాహసమెట్టిది” అనా, “సామాన్యుల” అనా? పుస్తకం దగ్గర లేదు. ఫ్రెంచి చిత్రకారుడు మెసోనియే 1864లో వేసిన 1814 యుద్ధం బొమ్మ చూసినప్పటి నుంచీ ఇదే నాలుక మీద ఆడుతోంది. ముందు తెల్లగుర్రం మీద నెపోలియన్, వెనక సేనానాయకులు. కాలిబంటులు మాత్రం అల్లంత దూరాన ఒక బారు, అంతే.

ద్రుతం: “ల”నే. నైలునది దగ్గర “సామాన్యుని జీవనం”, ఇక్కడ “సామాన్యుల సాహసం”. అందరూ రెండూ కలిపేస్తారు.

గసడదవ: రెండింటికీ ఆరు మాత్రలే, నడకని బట్టి తేలదు. బతికేటప్పుడు ఒక్కడు, సైన్యంలో గుంపు. అందుకే వచనం మారిందని నా ఊహ. అన్నట్టు, అది మాస్కో నుంచి తిరిగొచ్చే బొమ్మ కదూ?

బండి-ర: కాదండీ, మాస్కో 1812. ఇది ఫ్రాన్సులోని లాన్‌లో దెబ్బతిన్న తర్వాతిది. పైగా 1814లో ఫ్రాన్సు మీదికి దండెత్తి వచ్చింది ప్రష్యా, రష్యా, ఆస్ట్రియాలు. శ్రీశ్రీ “దండయాత్ర” దీనికి అతకదు. మాస్కోయే కావాలంటే 1836 నాటి షార్లే బొమ్మ చూడండి. నాయకుడే ఉండడు. “ల” అంటే అదీ.

అరసున్న: మరి ద న్యూవిల్ ‘ఆఖరి తూటాలు’ బొమ్మ (1873)? ఫ్రాన్స్-ప్రష్యా యుద్ధంలో బజేయ్‌లో ఒక ఇంట్లో చిక్కుకున్న సైనికులు, ఒక్కొక్కరిదీ ఒక్కో మొహం. అక్కడ “ని” అనబుద్ధేస్తుంది. 1870లో మూడో నెపోలియన్ చక్రవర్తే పట్టుబడ్డాక, గొప్పగా గీయడానికి సైనికుడే కదా మిగిలింది.

ద్రుతం: ఏకవచనం, బహువచనం సరే, “సాహసం” సంగతేంటి? సంస్కృతంలో దౌర్జన్యం, తొందరపాటు కూడా సాహసమే. “సహసా విదధీత న క్రియాం”, తొందరపడి ఏ పనీ చెయ్యకూడదన్నది మర్చిపోయారా? అది పొగడ్తేనా అని నా అనుమానం.

గసడదవ: భారవిని తెచ్చి శ్రీశ్రీ నెత్తిన పెడితే ఎలా? ఆ వెంటనే బోయీలెవ్వరని అడిగాడు. పొగడ్తే.

ద్రుతం: గ్రో వేసిన ఐలావు యుద్ధం బొమ్మ (1808) చూసి చెప్పండి. అడుగున మంచు పట్టిన శవాలు, మనిషి కన్నా పెద్దవి. పైన నెపోలియన్ చెయ్యి చాచి జాలిపడుతుంటాడు. ఆ శవాలది ఏ సాహసం?

బండి-ర: ఆ జాలి కూడా సర్కారు పోటీ పెట్టి వేయించుకున్నదే. నన్నడిగితే యుద్ధం తిక్కనదే. విరాటపర్వంలో “సింగం బాకటితో” పద్యం చదవండి, కుంచె అక్కర్లేదు.

గసడదవ: తిక్కన వచ్చేశాడు, ఇక చర్చ అయినట్టే. పోనీ, అందులో “చేడ్పాటు” అంటే ఏమిటో చెప్పి వెళ్ళండి.

బండి-ర: బడలిక.

ద్రుతం: ఆపద అని చదువుకున్నాం మేము.