'వంత పాడటం' తిట్టు ఎప్పుడైంది?

చిక్కడపల్లి చదువరి:
రిటైరయ్యాక మా నాన్నగారికి రెండే పనులు. పొద్దున నగర కేంద్ర గ్రంథాలయానికి నడిచి వెళ్లి ఉన్న తెలుగు పేపర్లన్నీ చదవడం, రాత్రి టీవీ చర్చల్లో వాళ్లను తిట్టడం. "ఒక్క పేపరే చదివితే సగం అసెంబ్లీకి వెళ్లొచ్చినట్టురా" అంటారు. నిన్న ఒక చర్చలో, పేరు కింద 'రాజకీయ విశ్లేషకులు' అని వేసిన పెద్దమనిషి గంటసేపు ఒకే పార్టీ తరఫున మాట్లాడాడు. నాన్నకు ఒళ్లు మండి "వీడు విశ్లేషకుడేంట్రా, వంతగాడు" అన్నారు.

అక్కడ మొదలైంది నా సందేహం. కొమ్ముకాయడం, వత్తాసు పలకడం, బాకా ఊదడం, డప్పు కొట్టడం, భజన చేయడం, తానా అంటే తందానా అనడం... ఒక పక్కకే మాట్లాడేవాళ్లను అనడానికి మనకు మాటల కరువు లేదు. వీటిలో చాలావరకు పాటా వాద్యమే, గమనించారా? సరే, ఈ వంత ఎక్కడిది? పాత కావ్యాల్లో వంత అంటే దుఃఖం అని చదువుకున్న గుర్తు. అదేనా ఇది? పార్టీల పేర్లు ఎత్తకుండా మాట గురించి మాత్రమే చెప్పండి, దయచేసి.

మలక్‌పేట మాస్టారు:
ఆ వంత వేరు నాయనా. ఇక్కడి వంత అంటే ముఖ్యగాయకుడు పాడినదాన్ని అందుకుని పాడటం. 'వంతు'తో దీనికి చుట్టరికం ఉందని నా ఊహ. ఊహే, పట్టుపట్టను.

మీ నాన్నగారు 'విశ్లేషకుడు' అనే మాటను కాపాడాలనుకోవడం మాత్రం బాగుంది. శ్లేషం అంటే అంటుకుని ఉండటం. విశ్లేషణ అంటే అలా అంటుకున్నవాటిని విడదీసి చూపడం. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టేవాళ్లు చేసేది దానికి సరిగ్గా తిరగేసిన పని. వాళ్లను శ్లేషకులు అంటే సరిపోతుంది.

గ్రూపు నిర్వాహకుడు:
పక్షపాతానికీ పక్షవాతానికీ ముడిపెట్టి ఇప్పటికే ముగ్గురు జోకు వేశారు, ముగ్గురివీ తీసేశాను. నాలుగోది వద్దు.

తెనాలి నుంచి కూకట్‌పల్లి:
చదువరి గారూ, మీ నాన్నగారి మీద గౌరవంతోనే అభ్యంతరం చెబుతున్నాను. మా తాత బుర్రకథ దళంలో వంత. ఏనాడూ కథకుడు కాలేదు, అవ్వాలనీ అనుకోలేదు.

బుర్రకథ చూడనివాళ్ల కోసం చెబుతాను. మధ్యలో తంబురాతో కథకుడు. అటొకరూ ఇటొకరూ డక్కీలు పట్టుకుని వంతలు. 'తందాన తాన' అనడం ఇద్దరి పనీ. మనకు గుర్తుండిపోయింది అదొక్కటే, అందుకే ఆ మాట తిట్టయింది. కానీ ఆ ఇద్దరిలో కుడి పక్క ఉన్నవాణ్ని 'రాజకీయం' అంటారు, ఎడమ పక్కవాణ్ని 'హాస్యం' అంటారు. హాస్యం నవ్విస్తాడు. రాజకీయం లోకం తెలిసినవాడు. కథ పల్నాటి యుద్ధమే కానివ్వండి, దాన్ని ఎక్కడో ఒకచోట ఆపి ఇవాళ్టి ఊళ్లోకి తెస్తాడు. పన్నులు, కరువు, షావుకారు, ఎలక్షను, ఏదొస్తే అది. అంటే రాజకీయ వ్యాఖ్యాత అనే మనిషికి మన కథల్లో టీవీ పుట్టకముందే చోటుంది. కుర్చీ లేదు, నిలబడే చెప్పాలి. అంతే తేడా.

తాత అనేవాడు, "వంత పని ఊ కొట్టడం కాదురా, అడగడం." కథకుడు "రాజుగారు ధర్మప్రభువు" అంటాడనుకోండి. "ధర్మప్రభువైతే మరి చెరువు ఎందుకు తెగింది, ఎవరూ చూసుకోలేదా?" అని వంత అడగాలి. ఎదురుగా కూచున్న రైతు నోటిదాకా వచ్చి ఆగిపోయిన ప్రశ్న అది. రైతు లేచి అడగడు కాబట్టి వంత అడుగుతాడు. కథకుడికి జవాబు చెప్పక తప్పదు, తడబడితే జనం నవ్వుతారు. తాత ఎప్పుడైనా ఆ ప్రశ్న మింగేస్తే, కథ అయ్యాక ఊరివాళ్లే వచ్చి "ఇవాళ నీ గొంతు బాగోలేదా" అని అడిగేవారట.

అప్పట్లో మద్రాసు వైపు బ్రిటిష్ ప్రభుత్వం, ఇక్కడ హైదరాబాదులో నిజాం ప్రభుత్వం బుర్రకథను నిషేధించాయి. ఊరికే తందాన తాన అనే ఆటైతే నిషేధించే శ్రమ ఎవరు పడతారు? తర్వాత్తర్వాత అదే బుర్రకథకు షేక్ నాజర్ గారికి 1986లో పద్మశ్రీ ఇచ్చారు, అది వేరే సంగతి.

కాబట్టి మీ టీవీ పెద్దమనిషి వంతగాడు కాడు. వంతగాడే అయితే ఆ గంటలో ఒక్కసారైనా తన కథకుణ్ని ఆపి అడిగి ఉండేవాడు.

సిద్దిపేట పిలగాడు, ఉప్పల్:
మా దిక్కు ఒగ్గుకథల గూడ ఎంబడున్నోళ్లు ఊకె ఊ కొట్టరన్నా. నడుమ నడుమ పాత్రలు గట్టి అడుగుతరు, నవ్విస్తరు. మీ తాతది మస్తు ముచ్చట.

డెస్క్ మాజీ:
ఇరవై రెండేళ్లు ఒక తెలుగు దినపత్రిక డెస్కులో కూచున్నవాణ్ని. ఏ పత్రికో అడగొద్దు. టీవీ విశ్లేషకుడి దగ్గర మీరంతా ఆగిపోయారు గానీ, అతను ఏ పార్టీవాడో అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది. తెలిసిపోయే పక్షపాతంతో పెద్ద ప్రమాదం లేదు. వార్త అని పేరు పెట్టుకుని, వాక్యం చివర నక్కి కూచునేది ఒకటుంది. దాని పేరు క్రియ.

ఒక మంత్రి "ఏడాది చివరికల్లా వంతెన పూర్తవుతుంది" అన్నాడనుకోండి. నోటి మాట అంతే. ఇప్పుడు నా ముందు వరసగా పెట్టెలున్నాయి. పూర్తవుతుందని 'చెప్పారు' అంటే నేను మధ్యలో లేను. 'వెల్లడించారు' అంటే అది నిజమని పత్రిక పూచీ పడ్డట్టే, ఎందుకంటే ఉన్నదాన్నే కదా వెల్లడించేది. 'స్పష్టం చేశారు' అంటే ఇంకా అనుమానం ఉన్నవాడిదే తప్పు. 'చెప్పుకొచ్చారు' అంటే నమ్మొద్దని పాఠకుడికి కన్నుగీటడం. 'నమ్మబలికారు' అంటే అబద్ధమని తీర్పిచ్చేయడం. మంత్రి మారలేదు, వంతెన మారలేదు, మారింది చివరి మాటే. తెలుగులో క్రియ వాక్యం చివర పడుతుంది కాబట్టి నాలుక మీద మిగిలే రుచి దానిదే.

ప్రతిపక్షానికి వేరే పెట్టె. ఒకే విమర్శ. మా యాజమాన్యానికి నచ్చిన నాయకుడైతే 'నిలదీశారు'. నచ్చనివాడైతే 'అక్కసు వెళ్లగక్కారు', మరీ నచ్చకపోతే 'నోరు పారేసుకున్నారు'. ఫలానా క్రియ వాడు అని నాకు ఎవరూ ఏనాడూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. చేరిన ఆర్నెల్లకు చెయ్యి దానంతటదే నేర్చుకుంటుంది.

అన్నిట్లోనూ కుట్ర వెతకొద్దు కూడా. సింగిల్ కాలమ్ శీర్షికలో పట్టేవి నాలుగు అక్షరాలు. 'ధ్వజం', 'ఫైర్' అనే మాటలు తెలుగు పత్రికల్లో అన్నేళ్లు బతకడానికి కారణం కోపం కాదు, చోటు కొరత. పాపం, మెల్లగా మాట్లాడిన మనిషి కూడా పొద్దున్నే లేచి చూసుకునేసరికి 'ఫైర్' అయి ఉండేవాడు.

ఇక 'జరిగింది'. నాకు అన్నిటికంటే భయం దీనితోనే. "పోలీసులు లాఠీలతో కొట్టారు" అని రాయొచ్చు. "తోపులాట జరిగింది", "ఉద్రిక్తత చోటుచేసుకుంది" అని కూడా రాయొచ్చు. రెండో రకంలో దెబ్బ తగిలినవాడు ఉంటాడు, కొట్టినవాడు ఉండడు. ఏ ప్రభుత్వం ఉన్నప్పుడు కొట్టారు, ఏ ప్రభుత్వం ఉన్నప్పుడు తోపులాట జరిగింది అని పాత సంచికలు ముందేసుకుని చూస్తే ఏ పత్రిక జాతకమైనా ఒక పూటలో రాయొచ్చు. మా పత్రికది నేను రాయగలను, రాయను.

సిద్దిపేట పిలగాడు, ఉప్పల్:
డెస్క్ సార్, ఇంకోటి మర్శిపోయిన్రు. ఒక లీడర్ మాట్లాడింది మంచిగ దిద్ది, పుస్తకాల భాష చేసి అచ్చేస్తరు. ఇంకో లీడర్ది మాత్రం 'గిట్ల జేస్తం, గట్ల జేస్తం' అని ఉన్నది ఉన్నట్టు కోట్ల నడుమ పెడ్తరు. ఇద్దరూ మాట్లాడింది ఒక్క తీరే. కానీ సదివెటోనికి ఒకాయన పెద్దమనిషి లెక్క, ఇంకొకాయన గల్లీ మనిషి లెక్క కొడ్తది. మా ఇంట్ల 'సారు వచ్చిండు' అంటె మర్యాదనే. గదే మాట పేపర్ల వస్తె తక్కువ చేసినట్టు. భాషల తప్పు లేదు, దిద్దుడుల ఉన్నది.

డెస్క్ మాజీ:
నిజమే తమ్ముడూ. నా చేత్తో చేసిన పనే అది. నా వాక్యాన్ని ఇప్పుడు ఎవరైనా 'తప్పు ఒప్పుకున్న మాజీ సబ్ ఎడిటర్' అని శీర్షిక పెట్టి వేసుకోవచ్చు.

'రు', 'డు' సంగతీ అంతే. కేసులో ఇరుక్కున్న నాయకుల్లో కొందరికి 'అన్నారు' అలాగే ఉంటుంది, కొందరికి మర్నాడే 'అన్నాడు' వస్తుంది. దీనికి రాసిపెట్టిన నియమం డెస్కులో నేనెప్పుడూ చూడలేదు. అందరికీ ఒక్క 'హి'తో నడిచిపోయే ఇంగ్లిషువాళ్లకు ఈ బాధ లేదు. మనకు నోరు తెరిస్తే చాలు, ఆయనా, అతనా, వాడా అని తేల్చుకోవాలి.

బేగంపేట బాటసారి:
ఇంత చర్చ ఎందుకండీ, తటస్థంగా ఉంటే పోలా?

మలక్‌పేట మాస్టారు:
తటం అంటే ఒడ్డు. తటస్థుడు ఒడ్డున నిలబడ్డవాడు. ఏట్లో మునిగేవాడి సంగతి ఒడ్డు మీదివాడు ఎంత చక్కగా వర్ణించినా, మునిగేవాడికి ఒరిగేదేం లేదు. ఇక మన ఊళ్లో తటస్థులమని చెప్పుకునేవాళ్లలో గోడ మీద పిల్లులెన్నో నన్నడగొద్దు.

అసలు 'పక్షపాతం' అనే మాటనే మనం సరిగా చూడటం లేదు. పక్షం మీద పడిపోవడం, ఒక పక్కకు ఒరిగిపోవడం అది. అయినా రాజకీయ సభల్లో 'రైతు పక్షపాతి', 'పేదల పక్షపాతి' అని బ్యానర్లు కట్టుకుంటారు. అక్కడది బిరుదు. అదే మాట పత్రికకు తగిలిస్తే తిట్టు. ఒకే మాట ఒకచోట దండ, ఒకచోట రాయి ఎందుకయింది? పాలకుడు ఎవరి పక్కన ఉన్నాడో బయటికి చెప్పుకుంటున్నాడు. పత్రిక పక్కన ఉండి కూడా మధ్యలో ఉన్నానంటోంది. నేను రెండు మాటలు విడిగా వాడతాను. 'పక్షం వహించడం' ఒకటి, 'పక్షపాతం' ఒకటి. మొదటిది నిలబడి చేసే పని. రెండోది ఒరిగిపోయి చేసేది.

ఈ ఊరిలోనే చూడండి. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ఒకరు రాస్తే, గోలకొండ పత్రిక నడుపుతున్న సురవరం ప్రతాపరెడ్డి గారు ఏం చేశారు? రాసినవాణ్ని ఏకిపారేయవచ్చు. చేతిలో పత్రిక ఉంది, 1926 నుంచి నడుపుతున్నారు. ఆయన మాత్రం 1934లో గోలకొండ కవుల సంచిక అని 354 మంది కవులను పద్యాలతో సహా తెచ్చి ముందు పెట్టారు. ఆయన ఎటువైపో ఎవరికీ అనుమానం లేదు. అయినా ఆ పుస్తకంతో పోట్లాడాలంటే అవతలివాడు కూడా లెక్క పట్టుకురావాలి, నోరు సరిపోదు.

ఇమ్‌రోజ్ అనే ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ కూడా పక్షం వహించినవాడే. హైదరాబాదు భారతదేశంలో కలవాలని, రజాకార్లు చేస్తున్నది తప్పని పేరు పెట్టి రాశాడు. 1948 ఆగస్టులో చంపేశారు. ఆయన్ను పక్షపాతి అనడానికి నాకు నోరు రాదు. తటస్థుడు అనడానికీ రాదు.

బేగంపేట బాటసారి:
మాస్టారూ, ఒప్పుకున్నాను. కానీ ఇవాళ ప్రతి టీవీ పెద్దమనిషీ నేను షోయబుల్లా ఖాన్‌నే అంటాడు. అప్పుడెలా?

తెనాలి నుంచి కూకట్‌పల్లి:
మా తాత పరీక్ష పెట్టండి. తన పక్షంవాణ్ని ఎప్పుడైనా ఒక్క ప్రశ్న అడిగాడా అని చూడండి. అవతలివాణ్ని అడగడం ఎవరైనా చేస్తారు.

డెస్క్ మాజీ:
నాకు ఇంకో సులువైన పరీక్ష ఉంది. చర్చలో వాళ్ల వాక్యాల నుంచి మొత్తం క్రియలు తీసేసి 'అన్నారు', 'చేశారు' అని పెట్టుకుని వినండి. ఏమైనా మిగిలితే అది విశ్లేషణ. నేను వారం రోజులు చేశాను. రెండు రాత్రులు ఏమీ మిగల్లేదు. ఒక రాత్రి ఒకాయన దగ్గర నీటిపారుదల లెక్కలు మిగిలాయి. ఆయన రాజకీయాలంటే నాకు అసలు గిట్టదు. అయినా కాగితం తెచ్చుకుని రాసుకున్నాను.

సిద్దిపేట పిలగాడు, ఉప్పల్:
సార్, ఆ లెక్కలు ఈడ పెట్టున్రి. గవి గూడ తెలుగే గదా.

గ్రూపు నిర్వాహకుడు:
వద్దు బాబూ. ఇక్కడ భాష వరకే.

చిక్కడపల్లి చదువరి:
ఈ చర్చ మొత్తం నాన్నకు చదివి వినిపించాను. 'జరిగింది' దగ్గర ఆపమని, మళ్లీ చదివించుకున్నారు. వంత సంగతి విన్నాక కాసేపు ఏమీ మాట్లాడలేదు. చిన్నప్పుడు మా నాయనమ్మ వాళ్ల ఊళ్లో రాత్రంతా కూచుని బుర్రకథ చూశారట. గుమ్మెట మోత గుర్తుంది గానీ కుడివాడికి వేరే పనుందని ఎవరూ చెప్పలేదన్నారు. డక్కీని ఆయన గుమ్మెట అన్నారు, తెనాలి వారు సరిచేస్తారేమో.

రాత్రి మామూలుగానే టీవీ పెట్టారు. యాంకర్ మధ్యలో, ఇద్దరు ఆ పక్క, ఇద్దరు ఈ పక్క. నలుగురూ ఒకేసారి అరవడం మొదలెట్టగానే నాన్న గొంతు నొక్కేసి, అంటే మ్యూట్ చేసి, "వీళ్లలో రాజకీయం ఎవరో, హాస్యం ఎవరో చెప్పరా" అన్నారు. నేను కుడి పక్కవాళ్లను చూపించాను. ఆయన ఎడమ పక్కవాళ్లంటారు. తెనాలి వారూ, కుడి అంటే కథకుడి కుడివైపా, చూసేవాళ్ల కుడివైపా?