మొదటి భాషాప్రయుక్త రాష్ట్రం ఆంధ్రా, ఒడిశానా? లీగ్ రాత్రి పోయిన పది పాయింట్లు

చివరి బల్ల:

హైదరాబాదులో మేము ఆడే ఒక పబ్ క్విజ్ లీగ్‌లో పోయిన గురువారం జరిగిన గొడవ ఇది. ఏ లీగో, ఏ పబ్బో అనవసరం. ఆఖరి రౌండు, రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. "భాష ప్రాతిపదికన ఏర్పడిన మొదటి భారతీయ రాష్ట్రం ఏది?" అన్న ప్రశ్న నేరుగా మా బల్లకు వచ్చింది. మేము ఒడిశా అన్నాం. క్విజ్ మాస్టరు తల అడ్డంగా ఊపి ప్రశ్నను పక్క బల్లకు బౌన్స్ చేశారు. వాళ్లు ఆంధ్ర జవాబు చెప్పారు, పది పాయింట్లు పట్టుకుపోయారు, ఆట అయిపోయింది.

ఒడిశా ఏర్పడిన 1936 ఏప్రిల్ 1 సంగతి ఎత్తాం. "పోటీ పరీక్షల పుస్తకాలన్నింటిలో ఆంధ్ర అనే ఉంది. పైగా ఇక్కడ నా మాటే తుది మాట" అన్నారాయన. మొదటి వాక్యంతో వాదించవచ్చు. రెండోది వినగానే ఒళ్లు మండింది. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. జవాబు ఏది? అది తేలనప్పుడు తుది మాట ఎవరిది కావాలి?

కొండారెడ్డి బురుజు:

ఇందులో తేలనిది ఏముందండీ? ఆంధ్ర రాష్ట్రం, 1953 అక్టోబరు 1. రాజధాని మా కర్నూలు, ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం. అంతకు ముందు ఏడాది అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు మద్రాసులో బులుసు సాంబమూర్తి ఇంట్లో దీక్షకు కూర్చుని, డిసెంబరు 15 రాత్రి ప్రాణం విడిచారు. నాలుగు రోజులకు నెహ్రూ ప్రకటన వచ్చింది. ఒక మనిషి ప్రాణం పోతే వచ్చిన రాష్ట్రాన్నీ, లండన్‌లో సంతకం పెడితే ఏర్పడిన ఒడిశానూ ఒకే గాటన కడతారా?

ఇంకొక మాట. ఆ ప్రశ్నకు క్విజ్ మాస్టరు మనసులో ఏ జవాబు ఉందో మీ బల్ల దగ్గర అందరికీ తెలుసు. తెలిసీ పాండిత్యం చూపించబోయారు. పాయింట్లు పోయాయి.

బరంపురం తెలుగు:

బురుజు గారూ, "లండన్‌లో సంతకం" అని బరంపురంలో ఎవరి ముందైనా అని చూడండి. నేను ఇక్కడ పుట్టిన తెలుగువాణ్ణి, అయినా ఒడియావాళ్ల తరఫున మాట్లాడక తప్పడం లేదు. మధుసూదన్ దాస్ ఉత్కళ సమ్మేళనం పెట్టింది 1903లో. మన ఆంధ్ర మహాసభ బాపట్లలో మొదటిసారి కూడింది 1913లో. అంటే మనకంటే పదేళ్ల ముందు నుంచే వాళ్లు బెంగాలు, బీహారు, మద్రాసు, మధ్య పరగణాల మధ్య చెదిరిపోయిన ఒడియా మాట్లాడే ప్రాంతాలను ఒక చోటికి తెమ్మని అడుగుతున్నారు. ఓడొనెల్ కమిటీ సరిహద్దులు పరిశీలించింది. బ్రిటిష్‌వాళ్ల 1935 భారత ప్రభుత్వ చట్టం కింద 1936లో ఒడిశా వేరే రాష్ట్రమైంది. మద్రాసు నుంచి గంజాం, కోరాపుట్ వైపు ప్రాంతాలు అటు వెళ్లాయి.

భాష ప్రాతిపదిక కాదంటారా? పర్లాకిమిడి సంగతి తీసుకోండి. ఆ ఊరు ఒడిశాలో కలవడాన్ని వ్యతిరేకించిన గిడుగు రామమూర్తి పంతులు, జీవితంలో ఎక్కువ భాగం గడిపిన ఆ చోటును 1936లో వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. అదే పర్లాకిమిడి రాజా కృష్ణచంద్ర గజపతి ఒడిశా కోసం రౌండ్ టేబుల్ సమావేశం దాకా వెళ్లి వాదించారు, మరుసటి ఏడాది ఆ రాష్ట్రానికి మొదటి ప్రధాని (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) అయ్యారు. ఒకే ఊళ్లో ఇద్దరు పెద్దలను చెరో వైపు నిలబెట్టింది భాష కాక మరేమిటి?

ఆ రోజే బొంబాయి నుంచి సింధు కూడా విడిపోయింది. దాన్ని మాత్రం ఎవరూ భాషాప్రయుక్తం అనరు, అక్కడి కారణాలు వేరు.

మూడో అధికరణం:

ఇద్దరూ చరిత్ర చెబుతున్నారు, ప్రశ్నను ఎవరూ చదవడం లేదు. 1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చినప్పుడు మొదటి షెడ్యూలులో 'ఎ' భాగం రాష్ట్రాలు తొమ్మిది. ఒరిస్సా అందులో ఉంది. ఆంధ్ర లేదు, ఉండే అవకాశమూ లేదు. అంటే ఆంధ్ర రాష్ట్రం పుట్టే నాటికే భాష కారణంగా ఏర్పడిన రాష్ట్రం ఒకటి రాజ్యాంగంలో కూర్చుని ఉంది. "ఏర్పడిన మొదటి" అని మాత్రమే అడిగితే ఒడిశా జవాబును కొట్టివేయడానికి ఆధారం దొరకదు.

"స్వతంత్ర భారతంలో" అని చేర్చండి, అప్పుడు ఆంధ్ర తప్ప మరో జవాబు ఉండదు. 1948లో ధర్ కమిషన్ భాషా రాష్ట్రాలు వద్దంది. తరువాత నెహ్రూ, పటేల్, మన పట్టాభి సీతారామయ్య కలిసి కూర్చున్న జేవీపీ కమిటీ కూడా వాయిదా వేద్దామంటూనే, మద్రాసు నగరం మీద ఆశ వదులుకుంటే ఆంధ్ర సంగతి చూడవచ్చని సందు వదిలింది. ఆ సందులోంచే 1953 చట్టం వచ్చింది. ప్రశ్నలో లేని ఆ రెండు మాటలు జవాబులో ఉన్నట్టు నటించడం క్విజ్ మాస్టరు తప్పు.

కొండారెడ్డి బురుజు:

మనం ఏ దేశంలో, ఏ కాలంలో కూర్చుని ఆడుతున్నామో కూడా ప్రశ్నలో రాయాలా? "భారత మొదటి ప్రధాని ఎవరు" అంటే నెహ్రూ అంటాం. 1937 నాటి రాష్ట్ర ప్రధానుల జాబితా ఎవరూ తీయరు.

మూడో అధికరణం:

అక్కడ "భారత" అన్న మాటే పని చేస్తుంది, రాష్ట్రాల ప్రధానులు దేశ ప్రధానులు కారు కాబట్టి. ఇక్కడ పోటీలో ఉన్నవి రెండూ ఈనాటి భారతీయ రాష్ట్రాలే. పోలిక కుదరదు.

పాత క్విజ్ మాస్టర్:

ప్రశ్నలు రాసి, అడిగి, తిట్లు తిన్న అనుభవంతో చెబుతున్నాను. కలకత్తాలో 1967లో నీల్ ఓబ్రయన్ ఒక చర్చి హాల్లో మన దేశపు మొదటి బహిరంగ క్విజ్ పెట్టిన నాటి నుంచి ఈ గొడవ ఉంది, ఇక ముందూ ఉంటుంది. అయినా తుది మాట ఒకరి దగ్గర ఉండి తీరాలి. రాత్రి పదకొండు అవుతుంది, హోటలు వాళ్లు కుర్చీలు సర్దుతుంటారు, ఆరు జట్లు ఆరు ఫోన్లు తీసి ఆరు పేజీలు చూపిస్తాయి. ఎవరో ఒకరు "ఇంతే" అనాలి. దానికి ఆయన జవాబే సరైనదని అర్థం కాదు, ఆ రాత్రికి ఆట ముగిసిందని మాత్రమే.

కానీ ఆ అధికారం ఊరికే రాదు. ప్రశ్న రాసేవాడు ముందురోజు రాత్రి తన ప్రశ్నతో తానే పోట్లాడి ఉండాలి. "మొదటి", "అతి పెద్ద", "ఏకైక" అన్న మాటలు కనిపించినప్పుడల్లా నేను కలం ఆపుతాను. ప్రపంచంలో పొడవైన నది అడగండి చూద్దాం. నైలు 6,650 కిలోమీటర్లు, అమెజాన్ దాదాపు 6,400 అని చదువుకున్నాం. 2007లో బ్రెజిల్ పరిశోధకులు అమెజాన్ మూలాన్ని వేరే చోట చూపించి దాదాపు 6,800 అన్నారు. నది ఎక్కడ మొదలైందో ఒప్పందం లేకుండా పొడవు మీద ఒప్పందం ఎక్కడిది? జాతీయ క్రీడ హాకీ అని తరతరాలుగా రాస్తున్నాం. 2012లో సమాచార హక్కు కింద ఒక బడి పిల్ల అడిగితే, ఏ ఆటనూ జాతీయ క్రీడగా ప్రకటించలేదని కేంద్ర క్రీడల శాఖ జవాబిచ్చింది. ఇప్పటికీ ఆ ప్రశ్న వేసేవాళ్లున్నారు, హాకీకి పాయింట్లు ఇచ్చేవాళ్లున్నారు.

మన సినిమా సంగతే చూడండి. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' విడుదల 1931 సెప్టెంబరు 15 అని ఎన్నో క్విజ్‌లలో వేశారు. తరువాత పరిశోధకులు పాత కాగితాలు తవ్వి 1932 ఫిబ్రవరి 6 అని చూపించారు. అంతకు ముందు 1932 అన్న జట్టు ఏదైనా ఉంటే దానికి సున్నా వచ్చి ఉంటుంది. దానికి క్విజ్ మాస్టరును తప్పు పట్టను. ఈ రోజున 1931కి పాయింట్లు ఇస్తే మాత్రం తప్పు పడతాను. ఒడిశా సంగతి కొత్తగా తవ్వి తీసిందేమీ కాదు. అక్కడ ప్రతి ఏప్రిల్ 1న పండుగలా జరుపుకుంటారు.

కాబట్టి నా తీర్పు: ఆట ఫలితం మార్చకూడదు. ప్రశ్నను మాత్రం చెత్తబుట్టలో వేయాలి.

చివరి బల్ల:

మాస్టారూ, ప్రశ్న చెత్తబుట్టకు, దాని వల్ల వచ్చిన పది పాయింట్లు పక్క జట్టుకు. ఇదెక్కడి న్యాయం?

ఆకుపచ్చ ముక్క:

"పుస్తకాలన్నింటిలో ఉంది" అన్న మాట మీద ఒక ముచ్చట. అమెరికాలో ఫ్రెడ్ వర్త్ అనే ఆయన చిల్లర విశేషాలతో ఒక పుస్తకం వేశారు. ఎవరైనా కాపీ కొడితే పట్టుకోవడానికి ఒక కట్టుకథ అందులో పెట్టారు: టీవీ డిటెక్టివ్ కొలంబో మొదటి పేరు ఫిలిప్ అని. కొన్నేళ్లకు ట్రివియల్ పర్సూట్ అనే ప్రశ్నల బోర్డు ఆటలో అదే జవాబు ప్రత్యక్షమైంది. ఆయన 1984లో 30 కోట్ల డాలర్లకు దావా వేశారు. ఆయన పుస్తకం చూశామని ఆటవాళ్లు దాచలేదు, ఇంకా చాలా పుస్తకాలు చూశామన్నారు. విషయాల మీద ఎవరికీ సొంత హక్కు ఉండదని కోర్టు దావా కొట్టేసింది. పాపం, ఆయన పెట్టింది విషయం కూడా కాదు!

మన పోటీ పరీక్షల గైడ్లు కూడా ఒకదాని నుంచి మరొకటి ఎక్కించుకున్నవే. పది గైడ్లలో ఒకే మాట ఉంటే పదిమంది సాక్షులు ఉన్నట్టు కాదు.

తార్నాక:

నాకు ఒక అనుమానం. చివరి బల్ల గారూ, పక్క జట్టు "ఆంధ్ర జవాబు" చెప్పింది అని రాశారు. వాళ్ల నోటి నుంచి వచ్చిన మాట కచ్చితంగా ఏమిటి?

చివరి బల్ల:

"ఆంధ్రప్రదేశ్."

తార్నాక:

అనుకున్నాను. గైడ్లలో సగానికి సగం అలాగే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది 1956 నవంబరు 1న. ఫజల్ అలీ, కుంజ్రూ, పణిక్కర్‌ల రాష్ట్రాల పునర్విభజన కమిషన్ నివేదిక ఇచ్చిన తరువాత, కేరళ, మైసూరు కొత్త రూపాలు తీసుకున్న రోజునే. దాన్ని దేనికీ "మొదటి" అనడానికి వీల్లేదు. 1953 నాటి ఆంధ్ర రాష్ట్రంలో ఉన్నవి మద్రాసు నుంచి వచ్చిన పదకొండు జిల్లాలు, బళ్లారి నుంచి వచ్చిన ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు. అప్పటికి హైదరాబాదు వేరే రాష్ట్రం. మీరు ఆ రాత్రి క్విజ్ ఆడిన చోటు ఆ "మొదటి రాష్ట్రం"లో లేదు.

ఇది మా తెలంగాణ వాళ్లకు చిన్న విషయం కాదు. 1956కు ముందు ఇక్కడ ఏమీ లేనట్టు ఆ రెండు పేర్లనూ కలిపేయడం చాలా ఏళ్లుగా చూస్తున్నాం.

కొండారెడ్డి బురుజు:

ఆంధ్రప్రదేశ్ అన్నారా? ఈ మాట మొదటే చెప్పాల్సింది. అయితే ఆ పాయింట్లు వాళ్లకు దక్కడానికి వీల్లేదు. కర్నూలు రాజధానిగా ఉన్న మూడేళ్లను ఏకంగా తుడిచేశారు కదా! ఒడిశా జవాబుకు నేను ఇప్పటికీ పాయింట్లు ఇవ్వను, అది వేరే సంగతి.

పాత క్విజ్ మాస్టర్:

వాడుకలో రెంటికీ ఆంధ్ర అనే అంటారు కదా అని ఆయన వదిలేసి ఉంటారు. పక్క బల్లకు అంత ఉదారంగా ఉన్నప్పుడు మీ బల్లకూ ఉండాల్సింది. ఒకే ప్రశ్నలో ఒకరికి అక్షరం, ఇంకొకరికి భావం చూడడం కుదరదు. ఇక్కడ నేను చివరి బల్ల గారి పక్షం.

స్కోరు పుస్తకం:

మా ఊరి లీగ్‌లో (విశాఖ) రెండేళ్లుగా నడుస్తున్న పద్ధతి రాస్తున్నాను. పనికొస్తే తీసుకోండి. అభ్యంతరం తరువాతి ప్రశ్న చదవక ముందే చెప్పాలి, కెప్టెన్ ఒక్కరే చెప్పాలి. క్విజ్ మాస్టరు తన ఆధారం బయటపెట్టాలి. గైడు ఆధారం కాదు. చట్టం, ప్రభుత్వ పత్రం, పేరున్న విజ్ఞానకోశం లాంటిది కావాలి. ఆధారం చూపలేకపోతే, లేదా రెండు జవాబులకూ ఆధారం ఉంటే, ప్రశ్న రద్దు చేసి కవరులో ఉన్న రిజర్వు ప్రశ్న వేస్తారు. ఫోన్లు ముట్టుకునేది క్విజ్ మాస్టరు ఒక్కరే. దీనివల్ల సాయంత్రానికి ఒకటో రెండో ప్రశ్నలు పోతాయి, అంతే. ప్రశ్నలు రాసేవాళ్లు మాత్రం ముందుకంటే జాగ్రత్తగా రాస్తున్నారు, తమ ప్రశ్న అందరి ముందు రద్దు కావడం ఎవరికీ ఇష్టం ఉండదు కదా.

పక్క బల్ల:

ఆంధ్రప్రదేశ్ అన్నది నేనే. నా పేరు ఇక్కడికి రాకుండా ఉండాలని చూశాను కానీ లాభం లేదు. ఆ గోలలో క్విజ్ మాస్టరు "ఆంధ్ర" వరకే విని చప్పట్లు కొట్టించారు. ఆపమని నేను ఎందుకు చెబుతాను? మీరైతే చెప్పేవారా? ఒడిశా మాకూ తెలుసు. మీ జవాబు కొట్టేశారు కాబట్టి ఆయనకు కావలసింది ఏదో అర్థమై ఇచ్చాం. అది కూడా ఆటలో భాగమే అంటాను.

పాయింట్లు వెనక్కి ఇవ్వం. స్కోరు పుస్తకం గారు చెప్పిన నిబంధనకు మాత్రం మా కెప్టెన్ ఒప్పుకున్నారు. వచ్చే గురువారం ఆట మొదలయ్యే ముందు రెండు జట్ల తరఫునా నిర్వాహకులకు కాగితం ఇద్దామంటున్నారు. సరేనా?

చివరి బల్ల:

సరే. కాగితం నేను రాస్తాను. అందులో "ఆంధ్ర రాష్ట్రం" అని ఉంటుంది, చదివి సంతకం పెట్టండి.