పోలండ్‌లో కమ్యూనిస్టుల కింద రైతు పార్టీ ఎట్టా నడిచింది?

కొండపి రైతు:
వేలం కేంద్రంలో బేళ్లు దించి కూర్చుంటే మాటల్లో పోలండ్ సంగతొచ్చింది. కమ్యూనిస్టులు ఏలే రోజుల్లోనే అక్కడ రైతులకు విడిగా పార్టీ ఉండేదంట, దాని నాయకుడు పద్నాలుగేళ్లు పార్లమెంటు స్పీకరంట. పక్కనాయన "అయితే రైతు బాగుపడుంటాడు" అన్నాడు. నాకైతే నమ్మబుద్ధి కాలా. ఎవురాయన? ఏం చేయగలిగాడు?

కావలి మేష్టారు:
చెస్వావ్ విత్సెఖ్. 1899లో పుట్టాడు, మా మాదిరే బడిపంతులు. జర్మన్లు దేశాన్ని ఆక్రమించి పైచదువులు మూసేస్తే, రహస్యంగా పాఠాలు చెప్పించిన ఉపాధ్యాయ సంఘాన్ని నడిపినవాళ్లలో ఒకడు. ఆ రోజుల్లో అది ప్రాణాలమీదికొచ్చే పని. అందుకే ఆయన్ను పిరికివాడని నేననను.

1945లో విద్యామంత్రి అయ్యాడు. అప్పుడు మికొవాయ్‌చిక్ అనే నాయకుడి రైతు పార్టీలో ఉండేవాడు. 1947 జనవరిలో కమ్యూనిస్టులు ఎన్నికలు రిగ్గింగు చేసి ఆ పార్టీని నలిపేశారు. అక్టోబరులో మికొవాయ్‌చిక్ దేశం వదిలి పారిపోయాడు. విత్సెఖ్ ఉండిపోయి సర్కారు వైపు జరిగాడు. 1949లో పార్టీలో మిగిలినవాళ్లను సర్కారు అనుకూల రైతు పార్టీతో కలిపి 'సంయుక్త రైతు పార్టీ' చేశారు. ఆయన 1957 నుంచి 1971 దాకా స్పీకరు, 1962 నుంచి పార్టీ అధ్యక్షుడు కూడా.

ఇక సీట్లంటారా, మన సొసైటీ ఎలక్షన్లో పెద్దోళ్లు ముందే కూర్చుని ఏకగ్రీవం చేసినట్టే. కమ్యూనిస్టులకూ రైతు పార్టీకీ అందరికీ కలిపి ఒకే జాబితా. 1961, 1965, 1969... మూడుసార్లూ 460లో రైతు పార్టీకి 117. ఒకటి పెరగలా, ఒకటి తగ్గలా!

ఉదయగిరి కుర్రోడు:
అయినా మేష్టారూ, చుట్టుపక్కల దేశాల్లో పొలాలన్నీ సమష్టి సేద్యంలో కలిపేస్తే పోలండ్‌లో నాలుగింట మూడొంతుల దాకా రైతు చేతిలోనే మిగిలిందిగా. ఆయన గొప్పే కదా అది?

కావలి మేష్టారు:
కాదబ్బయ్యా. 1956లో కమ్యూనిస్టు పార్టీ నాయకుడిగా గొముల్కా వచ్చి బలవంతం సడలించగానే, పదివేల దాకా ఉన్న సమష్టి క్షేత్రాల్లో ఎక్కువ భాగం కొన్ని నెలల్లోనే చెదిరిపోయాయి. రైతులే విడగొట్టుకుని ఎవరి చేను వాళ్లు దున్నుకున్నారు. ఇంకా విత్సెఖ్ స్పీకరు కూడా కాలా అప్పటికి.

లెవీ సంగతి చూడు. ధాన్యం, మాంసం సర్కారు చెప్పిన ధరకు తోలాల్సిందే. విత్సెఖ్ స్పీకరు కుర్చీలో ఉన్నంత కాలమూ ఆ లెవీ ఉంది. 1970 డిసెంబరులో సముద్ర తీరపు ఊళ్లలో కార్మికులు ధరల మీద తిరగబడి, కాల్పులు జరిగి, గొముల్కా దిగిపోయాకే 1972లో దాన్ని ఎత్తేశారు. రైతు మెడ మీద బరువు దించింది ఓడరేవు కార్మికులు, రైతు పార్టీ కాదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

కొండపి రైతు:
లెవీ పోయాక ఇంకేమన్నా ఇచ్చారా మేష్టారూ?

కావలి మేష్టారు:
ఆ ఏడాదే సొంత సేద్యగాళ్లకు ఉచిత వైద్యం వచ్చిందన్నా. పింఛను చట్టం 1977లో, విత్సెఖ్ చనిపోయిన ఏడాది. కాకపోతే పింఛను కావాలంటే పొలం వారసుడికో సర్కారుకో అప్పజెప్పాలి.

కొండపి రైతు:
బతికుండగానే కొడుక్కి రాసియ్యాలా? అట్టయితే మా ఊళ్లో ఒక్కడూ తీసుకోడు.