సున్నపు మిద్దె కారుతోంది, పైన సిమెంటు వేయించవచ్చా?

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర పాత మిద్దె ఇల్లు కొన్నాం. టేకు దూలాల మీద సన్న ఇటుకలు పేర్చి సున్నంతో కట్టిన మద్రాస్ టెర్రస్. ఆదివారాలు నాన్న, బావ, చిన్నాయన వచ్చి సాయం చేస్తున్నారు. గోడలు గీకడం, వైరింగ్ అయిపోయాయి. సమస్యంతా మిద్దెదే. వంటింటి మూలలో దూలం గోడలోకి దిగేచోట వేలితో నొక్కితే పొడి రాలుతోంది. పైన సిమెంటు పూత చాలంటాడు మేస్త్రీ. సిమెంటు వేస్తే తేమ లోపలే నిలిచి దూలాలు పుచ్చిపోతాయంటాడు చిన్నాయన. నాకూ ఆయన మాటే సబబనిపిస్తోంది. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు మొదలైతే డిసెంబరు దాకా వానలే, అదే నా టెన్షన్. అమ్మ ఆ వంటింట్లోనే పొయ్యి పెట్టాలని ఆశగా ఉంది. పుచ్చిన దూలం ఒక్కటే మార్చవచ్చా, మిద్దె మొత్తం దించాలా? చిత్తూరు వైపైనా సరే, సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఉంటే దయచేసి చెప్పండి.