ఏఐ శాతం చూసి ప్రాజెక్ట్ రిపోర్టు తిప్పి పంపడం న్యాయమేనా?

ఫైనలియర్ ఈసీఈ:
మా కాలేజీలో బీటెక్ రిపోర్టుల్ని, ఎంత భాగం ఏఐ రాసిందో అంచనా వేసే ఏఐ డిటెక్టర్‌లో వేసి, శాతం ఎక్కువొస్తే తిప్పి పంపుతున్నారు. నా రిపోర్టు నేనే రాశాను. టెన్త్ దాకా తెలుగు మీడియం కాబట్టి ఇంగ్లిష్ గ్రామర్ మాత్రం చాట్‌జీపీటీతో దిద్దించుకున్నాను. సగానికి పైగా ఏఐ అని వచ్చింది. వైవాకి రానిస్తారో లేదోనని ఒకటే టెన్షన్. ఇది న్యాయమేనా?

ల్యాబ్ మాస్టారు:
బాబూ, మా వైపు సంగతి కూడా విను. సాయిల్ మాయిశ్చర్ సెన్సర్ ప్రాజెక్ట్ తెచ్చిన ఒక కుర్రాణ్ణి "మట్టి తడిసేకొద్దీ నీ రీడింగ్ తగ్గుతోందేం?" అని అడిగాను. నోరు మెదపలేదు. తడి మట్టిలో కరెంటు తేలిగ్గా పారుతుందన్న ముక్క కూడా తెలియదు. రిపోర్టులో ఇంగ్లిష్ మాత్రం వంక పెట్టలేం. రిఫరెన్సుల్లో ఇచ్చిన పేపర్లు వెతికితే కొన్ని అసలు లోకంలోనే లేవు! సెక్షన్‌కి అరవై మంది. అందరినీ ఇలా కూర్చోబెట్టి అడిగే తీరిక ఏదీ? డిటెక్టర్ కూడా వద్దంటే మేం చేయగలిగింది ఏముంది?

డాలస్ టీఏ (టీచింగ్ అసిస్టెంట్):
మాస్టారూ, తీరిక లేదన్నది నిజమే. కానీ ఆ డిటెక్టర్‌ని నమ్మి పిల్లల మార్కులు తేల్చకండి. చాట్‌జీపీటీ చేసిన ఓపెన్‌ఏఐ సంస్థే 2023 జనవరిలో ఒక డిటెక్టర్ తెచ్చి, సరిగా పట్టుకోలేకపోతోందని జూలైలో ఎత్తేసింది. వాళ్ల సొంత పరీక్షలోనే ఏఐ రాసినవాటిలో 26 శాతమే పట్టుకుంది, మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని ఏఐవి అనేసింది.

మన పిల్లలకు ఇంకా నష్టం. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు రాసిన 91 టోఫెల్ వ్యాసాలను ఏడు డిటెక్టర్లకు ఇచ్చారు. సగటున 61 శాతాన్ని ఏఐ రాసిందన్నాయి. తెలిసిన కొద్ది మాటలతో, తేలిక వాక్యాలతో రాస్తే తర్వాతి మాట ఊహించడం సులువు. డిటెక్టర్ అనుమానించేది సరిగ్గా దాన్నే. పల్లెటూరి పిల్ల కష్టపడి రాసుకున్న ఇంగ్లిష్ అలాగే ఉంటుంది కదా!

ల్యాబ్ మాస్టారు:
కాపీ శాతం చూస్తూనే ఉన్నాం కదా. యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం దాకా పోలిక ఉన్నా పర్వాలేదన్నారు. ఇదీ అలాంటిదే అనుకున్నాం.

డాలస్ టీఏ:
కాదండీ. కాపీ రిపోర్టు ఏ వాక్యం ఎక్కడి నుంచి తెచ్చారో చూపిస్తుంది. మీరు తెరిచి పోల్చుకోవచ్చు. ఏఐ శాతానికి అలాంటి ఆధారమే లేదు, పిల్లవాడు దేన్ని పట్టుకుని కాదనగలడు?

ల్యాబ్ మాస్టారు:
ఆ తేడా ఒప్పుకుంటాను. కానీ గ్రామర్‌తో మొదలుపెట్టినవాడు గ్రామర్‌తోనే ఆగడు, అది నేను రోజూ చూస్తున్నదే. బాబూ, నీ పాత డ్రాఫ్టులు, సెన్సర్ రీడింగులు రాసుకున్న నోట్‌బుక్కు మీ గైడ్ దగ్గరికి పట్టుకెళ్లు. ఏఐతో ఏమేం దిద్దించుకున్నావో మొదటి పేజీలోనే రాయి. సర్క్యూట్ మీద ఎన్ని ప్రశ్నలైనా వేయమను.