నాన్నీ మొరెట్టిని ఇంకా ఇండిపెండెంట్ దర్శకుడనే అనాలా?

మ్యాట్నీ:
మొన్న ఇంకో చర్చలో ఒకరు ఇటలీ దర్శకుడు నాన్నీ మొరెట్టిని ఇండిపెండెంట్ సినిమాకు పెద్ద దిక్కు అన్నారు. నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. 1976లో ఇంట్లో వాడుకునే చిన్న సూపర్ 8 ఫిల్మ్ కెమెరాతో, స్నేహితులనే నటులుగా పెట్టి ‘ఇయో సోనో ఉన్ అవుతార్కికో’ తీసినప్పుడు ఆ మాట సరే. ఆ తర్వాత? 2001లో ‘లా స్తాంజా దెల్ ఫిల్యో’కి కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత అవార్డు పామ్ డోర్ వచ్చింది. 2012లో అక్కడే జ్యూరీ అధ్యక్షుడు. ‘హాబెముస్ పాపమ్’, ‘మియా మాద్రే’ రెండింటిలోనూ ప్రభుత్వ టీవీ సంస్థ రాయ్ డబ్బుంది. పైగా తండ్రి యూనివర్సిటీ ప్రొఫెసర్, తల్లి టీచర్. తిండికి లోటు లేని ఇంట్లో పుట్టి, ప్రభుత్వం డబ్బుతో తీసేవాళ్లకే ఈ పేరు ఇచ్చేస్తే, అప్పులు చేసి తీసేవాళ్లను ఏమనాలి?

రెండో ఆట:
మ్యాట్నీ గారూ, డబ్బు ఎవరిదన్నది ఒక్కటే చూస్తే మీ మాట నిజమే. కానీ ఆయన పనిచేసిన దేశంలో ఆ డబ్బు ఎవరి చేతిలో ఉండేదో కూడా చూడాలి కదా. మీడియా వ్యాపారి, రాజకీయ నాయకుడు బెర్లుస్కోని కాలంలో సినిమాకు పెద్ద పెట్టుబడి ముఖ్యంగా రెండు చోట్ల దొరికేది. ఒకటి రాయ్, రెండోది బెర్లుస్కోని వ్యాపార సామ్రాజ్యంలోని సినిమా కంపెనీ మెడూసా. ఆయనే ప్రధాని కావడంతో రాయ్ మీద కూడా ఆయన నీడ పడింది. అలాంటి సమయంలో, 2006 మార్చిలో, ఎన్నికలకు మూడు వారాలు కూడా లేవనగా మొరెట్టి ‘ఇల్ కాయిమానో’ విడుదల చేశాడు. దివాలా అంచున ఉన్న ఒక నిర్మాత చేతికి బెర్లుస్కోని మీద రాసిన స్క్రిప్టు వస్తుంది. దాన్ని సినిమాగా తీయడానికి ఆ నిర్మాత పడే తిప్పలే కథ. చివరికి కోర్టు బోనెక్కే బెర్లుస్కోనిగా కనిపించేది మొరెట్టే. అధికారంలో ఉన్న మనిషి వేషం తనే కట్టి, ఓట్ల ముందు థియేటర్లో నిలబడ్డవాణ్ణి ఇంకేమనాలో మీరే చెప్పండి.

నాకు అంతకంటే పెద్ద సంగతి ఇంకోటుంది. పేరు వచ్చాక ఆయన ఆ పేరును ఏం చేశాడు? ఆంజెలో బార్బగాల్లోతో కలిసి సాకెర్ ఫిల్మ్ అనే కంపెనీ పెట్టాడు. అది మొదట తీసింది మొరెట్టి సినిమా కాదు. 1987లో కార్లో మజ్జకురాటిది, మరుసటి ఏడు దానియేలే లుకెట్టిది తీశారు. లుకెట్టికి అదే మొదటి సినిమా. 1991లో అదే లుకెట్టితో తీసిన ‘ఇల్ పోర్తబోర్సె’లో లంచగొండి మంత్రిగా మొరెట్టి నటించాడు. మిలాన్‌లో లంచాల కేసులు బద్దలై పాత పార్టీలు కూలడం మొదలైంది ఆ మరుసటి ఏడాది!

అదే 1991లో రోమ్‌లోని త్రాస్తేవెరెలో నువోవో సాకెర్ అనే థియేటర్ తెరిచాడు. ఒక్కటే తెర. మన దగ్గరైనా చిన్న సినిమా తీసినవాడి మొదటి టెన్షన్ థియేటర్ దొరకడమే కదా. ఆయన దాన్ని ఇతరుల కోసం తీర్చాడు. ఇరాన్ దర్శకుడు కియారోస్తమీ ‘క్లోజ్-అప్’ అక్కడ విడుదలైన రోజు మీద మొరెట్టి ఏడు నిమిషాల సినిమా ఒకటి తీశాడు, దొరికితే తప్పకుండా చూడండి. పేపర్లో ప్రకటన ఎంత సైజులో పడిందో చూసుకుంటాడు. ఫోన్ చేసినవాళ్లకు సినిమా గురించి ఎలా చెప్పాలో టికెట్ల దగ్గరి అమ్మాయికి నేర్పుతాడు. క్యాంటీన్‌లో సాండ్‌విచ్‌ల దాకా అన్నీ ఆయనే చూసుకోవాలి. వేరే దేశపువాడి సినిమాకు అంత ఆరాటపడ్డ దర్శకుణ్ణి నేను ఇంకొకర్ని చూడలేదు.

సూటిప్రశ్న:
అన్నా, థియేటర్ సంగతి బాగుంది, కాదనను. కానీ 2021లో వచ్చిన ‘త్రే పియాని’ చూశారా? మొదటిసారి వేరేవాళ్ల నవల తీసుకున్నాడు. అందులో ఆయన గొంతే వినపడలేదు నాకు. ఏ నిర్మాత అయినా తీయగల సినిమా అది. అప్పుడు ఈ స్వేచ్ఛ దేనికి?

మ్యాట్నీ:
నేనూ అదే అంటున్నా. రెండో ఆట గారూ, కొత్తవాళ్లకు సినిమాలు తీసిపెట్టడం గొప్పే, ఒప్పుకుంటున్నాను. దాన్నిబట్టి ఆయన్ని మంచి నిర్మాత అనండి. ఇండిపెండెంట్ అనే మాట మాత్రం 1978లో ‘ఎచ్చే బొంబో’ని చవకైన 16 ఎంఎం ఫిల్మ్ మీద తీసిన కుర్రాడికే ఉంచండి.

రెండో ఆట:
సూటిప్రశ్న తమ్ముడూ, ‘త్రే పియాని’ నాకూ నచ్చలేదు. స్వేచ్ఛ ఉన్నంత మాత్రాన ప్రతి సినిమా బాగుండాలని లేదు. మ్యాట్నీ గారూ, మీరు చిన్న కెమెరానే ప్రమాణంగా పెట్టుకున్నారు. 1993 నాటి ‘కారో దియారియో’ చూడండి. మూడో భాగంలో ఒళ్లంతా దురద, డాక్టర్ తర్వాత డాక్టర్, సంచుల కొద్దీ మందులు. ఒక్కరూ జబ్బేంటో సరిగ్గా చెప్పరు. అది లింఫ్ గ్రంథుల క్యాన్సర్. ఆ భాగం మొదట్లో కనిపించే కీమోథెరపీ నటన కాదు, ఆయన చివరిసారి చేయించుకున్నప్పుడు నిజంగా తీసిందే. మొదటి భాగంలో అయితే స్కూటర్ మీద, ఇటలీ దర్శకుడు పాసోలినీని చంపిన చోటు దాకా వెళ్తాడు. నిమిషాల తరబడి మాట లేదు, వెనక పియానో, ముందు రోడ్డు. దాన్ని కత్తిరించమని చెప్పే మనిషి ఆయన పక్కన లేడు. ఆ సినిమాకే 1994లో కాన్ ఉత్తమ దర్శకుడి అవార్డు. కాన్ పిలిచింది కాబట్టి ఆయన మారాడంటున్నారు. ఈ సినిమాలో ఏ షాటు కాన్ కోసం పెట్టాడో చూపించండి, అప్పుడు మాట్లాడదాం.